ఒక చెవి తెరిచి నిద్రపోయే దీపం

కిర్ర్... టక్. కిర్ర్... టక్.

తమ్ముడు ఇంకా కళ్ళు తెరవలేదు. చూపుకన్నా ముందు చెవికి అందింది ఆ చప్పుడు. అతను పడుకునే హాలు మధ్యలో వేలాడే పాత ఫ్యాను అది. తిరిగి తిరిగి ఒకచోట గొంతు సవరించుకున్నట్టు కిర్రుమంటుంది. వెంటనే చిటిక వేసినట్టు టక్కుమంటుంది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు తలెత్తి అనుమానంగా చూస్తారు, కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంటారు. ఇంట్లోవాళ్ళు తలెత్తరు. ఆ చప్పుడు వాళ్ళ చెవుల దాకా వస్తుంది, మనసు దాకా రాదు.

ఒకప్పుడు ఆ చప్పుడును పూర్తిగా కప్పేసే గొంతు ఒకటి ఆ ఇంట్లో ఉండేది. అది అక్కది.

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. అక్షరాలు దిద్దించిన గొంతు, ఎక్కాలు వల్లె వేయించిన గొంతు, ఆఖరి బెంచీలో కునికేవాణ్ణి పేరు పెట్టి పిలవకుండానే లేపగల గొంతు. ఏళ్ళ తరబడి అలా వాడగా వాడగా గొంతులో బుడిపెలు లేచాయి. ఆపరేషను చేసి తీసేశారు. కొన్నాళ్ళు మౌనంగా ఉండమన్నారు, ఉంది. ఇక మాట్లాడమన్నారు, మాట్లాడలేదు.

ప్రయత్నించకపోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒక ఉదయం అద్దం ముందు నిలబడి ‘ఆ’ అంది. వచ్చింది ‘ఆ’ కాదు. బరువైన బెంచీని నేలమీద ఈడ్చినట్టు, ఎవరిదో, ఎక్కడిదో చప్పుడు. అద్దంలో తన మొహం తానే చూసుకుని నోరు మూసుకుంది. ఆ రోజే అటక మీది పాత పలక దిగింది, బలపం దొరికింది. అప్పటినుంచి అక్క మాటలన్నీ తెల్లగా పలకమీద పుట్టి, తడిగుడ్డ కింద పోతున్నాయి.

గొంతు వ్యాయామాలు నేర్పే ఆవిడ ఒక కాగితం ఇచ్చింది. ముందు నోరు మూసి మెల్లగా మూలగాలి, తరవాత ‘ఆ’ అనాలి, తరవాత ఒక చిన్న మాట, తరవాత ఇష్టమైనవాళ్ళ పేరు. “ఎవరూ లేని గదిలో, ఫ్యాను గాలి తగలకుండా, రోజూ కొంచెం. గాయం మానిపోయింది టీచర్‌గారూ, ఇంక మిగిలింది భయమే. వాడకపోతే అదే బిగుసుకుపోతుంది” అని మరీ మరీ చెప్పింది. అక్క బుద్ధిగా తలూపింది. కాగితాన్ని అద్దానికి అంటించింది. తన గదిలో ఫ్యాను ఆపేసి కిటికీ తెరిచింది. నోరు మాత్రం తెరవలేదు. కాగితంలో ఉన్నవాటిలో ఫ్యాను ఆపడమొక్కటే జరిగింది.

సెలవులు ముగింపుకొస్తున్నాయి. పెద్ద టీచరు దగ్గరనుంచి ఫోనులో సందేశం వచ్చింది: ‘తరగతి తీసుకుంటారా? లేకపోతే ఆఫీసు గదిలో కూర్చునే పని చూడమంటారా? బడి తెరిచేలోపు చెప్పండి. ఏదయినా నాకు సమ్మతమే.’ ఎంతో మర్యాదగా రాసిన ఆ మాటలను అక్క చదివి, ఫోనును బల్లమీద బోర్లా పెట్టింది. ఆఫీసు గదిలో మాట్లాడనక్కర్లేదు. ఒకసారి అందులోకి వెళ్ళి కూర్చుంటే మళ్ళీ ఎప్పటికీ మాట్లాడనక్కర్లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు: అక్కకు, బావకు, తమ్ముడికి.

తమ్ముడు ప్రోగ్రామరు. దుకాణాలకు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో పని. మనుషుల ముందు మాట పెగలదు. ఫోను మోగితే ముందు నీళ్ళు తాగి అప్పుడు తీస్తాడు. తనకొచ్చిన విద్యలో ముప్పాతిక భాగం ట్యుటోరియల్స్ దగ్గర నేర్చుకున్నదే. ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన పాఠాలు అవి. వాటిని అతను ఉత్తరాల్లా చదువుతాడు. రాసినవాళ్ళ మొహం తెలియదు, స్వభావం తెలుస్తుంది. ఒకరు నడిమధ్యన మొదలుపెట్టి, మనకు ముందే అంతా తెలుసన్నట్టు నడుస్తూ పోతారు. వెనకపడ్డవాడి కోసం ఆగరు. ఒకరు అడుగడుగునా ‘ఇది చాలా తేలిక’ అంటారు. రానివాడికి ఆ మాట చెంపదెబ్బలా తగులుతుందని వాళ్ళకు తోచదు. ఇంకొకరు తప్పు చేసిన చోట ఆగి, ‘ఇక్కడ నేనొక రోజంతా పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు’ అని చెయ్యి పట్టుకుంటారు. అలాంటివారి పాఠంలో ఫోటో మూలన టీ మరకో, పిల్లి తోకో కనబడితే తమ్ముడికి చుట్టాన్ని చూసినట్టుంటుంది. ఎన్నోసార్లు కింద ‘ధన్యవాదాలు’ అని రాయబోయి, సిగ్గుపడి చెరిపేశాడు.

ఆ పాఠాల్లోనే ఒకటి కంటపడింది: పిలిస్తే పలికే దీపం.

బొటనవేలి గోరంత సర్క్యూట్ బోర్డు, అదే దాని కంప్యూటరు. ఆఫీసులో అతను చూసే పెద్ద కంప్యూటర్లు రొప్పుతాయి, వేడెక్కుతాయి, తమకోసం గదినంతా చల్లగా ఉంచమంటాయి. ఇది రొప్పదు, వేడెక్కదు. చిన్న బ్యాటరీ ఒకటిస్తే నెలల తరబడి నోరెత్తకుండా బతుకుతుంది. పార్శిలు వచ్చిన రోజు దాన్ని అరచేతిలో పెట్టుకుని, పిట్టపిల్లను చూపించినట్టు చూపించాడు.

బావ బస్సు కండక్టరు. ఎంత రద్దీలోనైనా ఆఖరి సీటు దాకా పాకే గొంతు ఆయనది. బోర్డును తన గోటిమీద పెట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు.

“ఇదీ కంప్యూటరేనా? దీన్ని చూస్తే నా టికెట్ మిషను కూడా మీసం తిప్పేస్తుంది.”

“చిన్నదే బావా. కానీ దీనికి తిండి అక్కర్లేదు. ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. ఒక్క చెవి మాత్రం తెరిచి ఉంచుతుంది. తన పేరు వినబడితే లేస్తుంది, దీపం వెలిగిస్తుంది, మళ్ళీ పడుకుంటుంది.”

“మా డిపోలో ఒక డ్రైవరున్నాడురా, అచ్చం ఇంతే. కాకపోతే వాడు పేరు పిలిచినా లేవడు.”

అక్క పెదవులు కదిలాయి, నవ్వు బయటికి రాలేదు. పలకమీద రాసింది: ‘నాకు చూపిస్తున్నావెందుకు?’

ఈ జవాబు తమ్ముడు ముందే మనసులో నాలుగైదుసార్లు చెప్పుకుని వచ్చాడు. అయినా తడబడ్డాడు. “నీ గదిలో పెడతానక్కా. నువ్వెంత మెల్లగా పిలిచినా పలుకుతుంది. ఎలా పిలిచావని అడగదు. బాగుందనదు, బాలేదనదు. వింటుంది, మరిచిపోతుంది. గుర్తుపెట్టుకునేంత బుర్ర లేదు దానికి.”

అక్క ఆ బోర్డును వేలికొసతో తాకింది. తరవాత, ‘దాని పేరు?’

“నువ్వే పెట్టు. మామూలు మాటల్లో దొర్లని పేరయితే మంచిదట.”

బలపం కిచకిచమంది. పలక తిప్పి చూపించింది: ‘తువ్వాయి’.

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. బావ పలకవైపు, అతనివైపు మార్చి మార్చి చూశాడు. “ఎవరే ఇది?”

అక్క కళ్ళతోనే తమ్ముణ్ణి చూపించింది.

“ఓహో! ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నా దగ్గరే దాచావా? ఏరా బామ్మర్దీ, తువ్వాయివా నువ్వు?”

చిన్నప్పుడు అక్క బడికెళ్తే బడికి, కొట్టుకెళ్తే కొట్టుకు, కుళాయికెళ్తే కుళాయికి, ఆమె కుచ్చిళ్ళ అంచు పట్టుకుని వెంటపడేవాడు. అందుకు పెట్టిన పేరు అది. పెద్దయ్యాక అతని పరువు కాపాడుతూ నలుగురిలో పిలవడం మానేసింది. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం, గరిటె పట్టుకుని వెనక్కి తిరగకుండానే, “తువ్వాయీ, ఆ డబ్బా అందుకో” అనేది. ఆపరేషను తరవాత ఆ పిలుపు లేదు. తనకది ఇంత వెలితిగా ఉంటుందని తమ్ముడు ముందుగా ఊహించలేదు.

యంత్రానికి పేరు నేర్పడమంటే, ఆ పేరును రకరకాల గొంతుల్లో పట్టి దానికి వినిపించడమే. తమ్ముడు హాల్లో బల్లమీద మైకు పెట్టాడు. తనే మొదట సిగ్గుపడుతూ తన పేరు తానే పిలుచుకున్నాడు. బావ రకరకాల స్థాయిల్లో పిలిచాడు, ప్రతిసారీ ఒక కొత్త వెక్కిరింత చేర్చి. కింది వాటాలో బట్టలు కుట్టే పిన్ని మెడలో టేపుతోనే పైకొచ్చింది.

“ఊరికే పిలవాలా, బతిమాలుతూ పిలవాలా?”

“మీ ఇష్టం పిన్నీ.”

“అయితే మీ బాబాయిని పిలిచినట్టు పిలుస్తాను. అలవాటైన గొంతు, తడబడదు.” ఆవిడ “తువ్వాయీ!” అని గదిమిన తీరుకు తమ్ముడు నిజంగానే లేచి నిలబడ్డాడు.

పేరు కానివి ఏవో కూడా యంత్రానికి తెలియాలి కదా. ఖాళీ హాలు నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేశాడు. వేరే మాటల కోసం ఎవరో స్టూడియోలో శుభ్రంగా రికార్డు చేసి పెట్టిన మూటను నెట్ నుంచి దించుకున్నాడు. పాఠంలో అక్కడొక పేరా ఉంది. దాని పైన ‘తొందరలో ఉన్నవాళ్ళు ఇది వదిలేసి ముందుకు వెళ్ళవచ్చు’ అని రాసి ఉంది. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. తమ్ముడు తొందరలో ఉన్నాడు. వదిలేసి ముందుకు వెళ్ళాడు.

అక్క వాడేసిన క్రీము సీసా ఒకటి, పాలగాజుది, బల్బుకు గూడయింది. “తువ్వాయీ” అనగానే ఆ సీసా కడుపులో పసుపురంగు వెలుగు మెల్లగా విచ్చుకుంది. బావ చప్పట్లు కొట్టాడు. కాసేపటికి ఆయన స్నానాల గదినుంచి “తువ్వాలు ఇవ్వరా!” అని కేకేస్తే అప్పుడూ వెలిగింది. తువ్వాలు, తువ్వాయి దగ్గరి మాటలే కదా అనుకున్నాడు తమ్ముడు. ఆ తరవాత “నా చెప్పులెక్కడ?” అన్నా వెలిగింది.

“మర్యాదస్తుడురా వీడు” అన్నాడు బావ. “ఎవరేమన్నా ‘ఆఁ’ అంటున్నాడు. పేరుతోపాటు నీ గుణమూ వచ్చేసింది.”

చెవి కాస్త ఎక్కువ చురుగ్గా ఉన్నట్టుందని తమ్ముడికి తోచింది. అయినా సరిచేయలేదు. అక్క గొంతు సన్నగా వస్తుంది. చెవి చురుగ్గా ఉండటమే మంచిది.

దీపాన్ని అక్క గదిలో, అద్దం పక్కన పెట్టాడు. “నీకు తోచినప్పుడు” అన్నాడు.

ఆ తరవాత అతను ఆ గది గుమ్మం ముందు నుంచి అవసరం లేకపోయినా నడిచాడు. తలుపు కింది సందులో వెలుగు కోసం చూశాడు. అడగలేదు. అడిగితే బెదిరి ఎగిరిపోయేదేదో ఆ గదిలో వాలి ఉన్నట్టు, అడుగులు కూడా మెత్తగా వేశాడు.

ఒక ఉదయం లేచేసరికి దీపం హాల్లో అరమీద ఉంది. పక్కనే పలక: ‘ఇది హాల్లో ఉంటేనే అందరికీ ఉపయోగం.’

డ్యూటీకి బయలుదేరుతూ బావ బూటు లేసులు కట్టుకుంటూనే, తలెత్తకుండా చెప్పాడు. “ఆఫీసు పనే తీసుకుంటుందట రా. రేపో ఎల్లుండో నన్నే ఫోను చేసి చెప్పమంది.” ఆఖరి సీటు దాకా పాకే ఆ గొంతు అప్పుడు తమ్ముడి దాకా కూడా సరిగా రాలేదు.

తమ్ముడికి ఉక్రోషం వచ్చింది. వంటింట్లో ఉన్న అక్క దగ్గరికెళ్ళి అనేశాడు. “ఒక్కసారి పిలిచి చూడొచ్చు కదక్కా. ఒక్కసారి.”

అక్క అతన్ని చూసింది. పలక అందుకోలేదు. చూసి, మళ్ళీ పొయ్యివైపు తిరిగింది.

మర్నాడు తమ్ముడికి సెలవు. మధ్యాహ్నం మబ్బు పట్టి వాన మొదలైంది. తమ్ముడు హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో పని చూసుకుంటుండగా కరెంటు పోయింది. కింద పిన్ని కుట్టు మిషను ఆగింది, “అయ్యో, చంక దగ్గర ఆగిందే!” అన్న ఆవిడ విసుగు వినబడింది. హాల్లో ఫ్యాను నిదానించి, నిదానించి, ఆఖరిసారి టక్కుమని నిలిచిపోయింది.

గది మసకబారింది. తమ్ముడు అరమీది దీపంవైపు చూసి, కొంచెం మొహమాటంగా, “తువ్వాయీ” అన్నాడు.

వెలగలేదు.

“తువ్వాయీ.” ఇంకాస్త గట్టిగా. లేదు. లేచి దగ్గరికెళ్ళి, సీసాకు నోరు ఆనించినంత దగ్గరగా పిలిచాడు. లేదు. బ్యాటరీ చూశాడు, నిండుగా ఉంది. పాఠం తెరిచాడు. ‘దీపం వెలగకపోతే తీగలు సరిచూసుకోండి’ అని ఉంది. లోకంలోని ప్రతి ట్యుటోరియల్ చివరా ఉండే మాట అది. సరిచూశాడు. తీగలన్నీ గట్టిగానే ఉన్నాయి.

అంతలో కరెంటు వచ్చింది. కింద మిషను కదిలింది. పైన ఫ్యాను ఒళ్ళు విరుచుకుంది. కిర్ర్... టక్.

“ఏమైంది నీకు?” అన్నాడు తమ్ముడు నిట్టూరుస్తూ.

దీపం వెలిగింది.

అతను దీపాన్ని చూశాడు. తలెత్తి ఫ్యానును చూశాడు. ఎంతో కాలానికి, కొత్తగా వచ్చిన చుట్టంలా, ఆ చప్పుడును విన్నాడు. తను రికార్డు చేసిన ప్రతి పిలుపు వెనకా అది ఉంది. తన గొంతు వెనక, బావ గొంతు వెనక, పిన్ని గదమాయింపు వెనక, కిర్ర్, టక్. ఖాళీ హాలు రికార్డులో అదొక్కటే ఉంది, గొంతు లేదు. స్టూడియో మాటల వెనక అది లేదు. యంత్రం పాపం చెప్పినదే నేర్చుకుంది: ఈ చప్పుడు మీద ఏ మనిషి గొంతు వినబడినా అదే నీ పేరు, ఈ చప్పుడు లేకపోతే ఎవరు పిలిచినా నీ పేరు కాదు.

వదిలేసిన పేరా దగ్గరికి వెళ్ళాడు. ‘నేను మొదటిసారి మా వంటగదిలో రికార్డు చేశాను,’ అని రాశారు ఆ తెలియని వ్యక్తి. ‘నా దీపం తన పేరు నేర్చుకోలేదు, మా ఫ్రిజ్ మూలుగు నేర్చుకుంది. మీ దీపం ఏ గదిలో ఉండబోతుందో ఆ గదిలోనే పిలవండి. ఆ గది నిశ్శబ్దంతో సహా పిలవండి.’

చదవడం ఆపి లోపలి గదివైపు చూశాడు. అక్క గదిలో ఫ్యాను తిరగదు.

అతను ఆ గదిలోకి వెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని, ఆఫీసు ఫైళ్ళకు అంటించడానికి కాగితాలను చిన్న చిన్న చీటీలుగా కత్తిరిస్తోంది.

“అక్కా, దాన్ని పిలిచావా?”

కత్తెర ఆగింది. పలక దగ్గరికి లాక్కుంది. ‘పిలిచాను.’ దాని కింద, ‘చాలాసార్లు.’

తమ్ముడు గోడకు ఆనుకున్నాడు. అక్క అరచేత్తో పలక తుడిచి మళ్ళీ రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, పిల్లలు చూసి దిద్దుకునేలా ఉన్నాయి. ‘ఆఖరికి యంత్రానికి కూడా అది గొంతు అనిపించలేదు.’

“కాదక్కా. దానికి నీ గొంతే కాదు, ఎవరి గొంతూ తెలీదు. దానికి తెలిసిందల్లా మన హాల్లో ఫ్యాను. నేను నేర్పింది అదే.”

‘ఓదార్చకు.’

“ఓదార్పు కాదు. తప్పు చేశాను. చూపిస్తాను ఉండు, బావను రానీ.”

బావను భుజాన సంచీ దించనివ్వకుండానే తమ్ముడు అక్క గదిలోకి లాక్కొచ్చాడు. తలుపు మూశారు. దీపం అద్దం పక్కన పెట్టారు. ఫ్యాను తిరగడం లేదు, దాని చప్పుడు లేదు.

“పిలువు బావా. నీ ఇష్టం వచ్చినట్టు పిలువు.”

“తువ్వాయీ!” అన్నాడు బావ. లేదు. “ఒరే తువ్వాయీ!” లేదు. ఆయనకు రోషం వచ్చింది. ఛాతీ నిండా గాలి పీల్చి, బస్సు వెనక పరిగెత్తేవాణ్ణి పిలిచినట్టు, “తువ్వాయీ... టికెట్! దిగేవాళ్ళు ముందుకు రావాలి! తువ్వాయీ, రైట్ రైట్!” అద్దం గలగలలాడింది. సీసా చీకటిగానే ఉంది.

కిటికీలోంచి పిన్ని గొంతు పైకొచ్చింది. “ఏమైందయ్యా? దూడేదైనా తప్పిపోయిందా?”

“తప్పిపోలేదు పిన్నీ, ఇక్కడే ఉంది, పలకడం లేదు!” అని బావ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

తమ్ముడు దీపాన్ని హాల్లోకి తెచ్చాడు. అక్క గుమ్మంలో నిలబడింది. పైన కిర్ర్, టక్. “ఇప్పుడు ఏదో ఒకటి అను బావా. మెల్లగా.”

బావ సీసాను అనుమానంగా చూసి, గొణిగాడు. “చిల్లర లేదు.”

దీపం వెలిగింది.

బావ నడుమున చేతులు పెట్టుకుని, ముందు దీపాన్ని, తరవాత ఫ్యానును చూశాడు. “అంటే ఇన్నాళ్ళూ వీడు పలికింది మనకి కాదన్నమాట, పైన తిరిగేవాడికి! నేనొక్కణ్ణే అనుకున్నా, నా మాట లెక్కచేసేవాడు ఇంట్లో ఒకడైనా దొరికాడని!”

అక్క నవ్వింది.

ఈసారి నవ్వు పెదవుల దగ్గర ఆగలేదు. బయటికొచ్చింది. గరుకుగా, పొడిగా, కొత్త పలకమీద బలపం జారినట్టు, చిన్న చప్పుడు. ముగ్గురూ విన్నారు. బావ గబగబా అటు తిరిగి, సంచీని కొక్కేనికి తగిలించడంలో మునిగిపోయాడు. ఎంతకీ అది తగలలేదు. తమ్ముడు సరిగ్గానే ఉన్న తీగను మళ్ళీ సరిచేశాడు.

అక్కే పలక అందుకుంది. ‘పాఠం పూర్తిగా చదవకుండానే పరీక్ష రాశావా?’

“తొందరలో ఉన్నవాళ్ళు వదిలేయొచ్చని రాశారక్కా.”

‘నేనేం నేర్పాను నీకు?’

“ప్రశ్న రెండుసార్లు చదవాలని” అన్నాడు తమ్ముడు తల వంచుకుని. ఎక్కడలేని ధైర్యం వచ్చి, వెంటనే తలెత్తాడు. “మరి నువ్వు? అద్దానికి అంటించిన నీ పాఠం సంగతేంటి? అందులో ఫ్యాను ఆపడం తప్ప ఏం చేశావు? మూలిగావా? ‘ఆ’ అన్నావా? నేరుగా ఆఖరి లైనుకెళ్ళి పేరు పిలిచేశావు!”

అక్క బలపం విసరబోయింది. బావ పెద్దగా నవ్వాడు. “ఇద్దరికీ ఇద్దరే. ఒకే గాటన కట్టేయొచ్చు.” నవ్వు తగ్గాక, గొంతు కూడా తగ్గించి అడిగాడు. “పెద్ద టీచరుగారికి ఏం చెప్పమంటావే?”

బలపం పలకమీద ఆనింది. ఆనిన చోట చుక్క పడింది, అక్కడే ఉండిపోయింది. చివరికి రాసింది: ‘ఇవాళ ఏమీ చెప్పకండి.’

మరుసటి ఉదయం మైకు అక్క గదిలోకి మారింది. ఫ్యాను ఆగే ఉంది. వాన వెలిసి, కిటికీ రెక్క మీద చివరి చినుకులు జారుతున్నాయి. బావ వంటింట్లో రేడియో కట్టేసి వచ్చాడు. పిన్ని మిషను ఆపి వచ్చింది, టేపు మెడలోనే ఉంది.

“మొన్ననే పిలిచాను కదయ్యా. ఇంకా నేర్చుకోలేదా మీ తువ్వాయి?”

“నేర్పడంలో తప్పు పిన్నీ, నేర్చుకోవడంలో కాదు.”

తమ్ముడు పిలిచాడు. పిన్ని పిలిచింది. బావ ఈసారి వెక్కిరింతలు లేకుండా, తనకూ ఇలాంటి గొంతొకటి ఉందా అన్నంత మెత్తగా పిలిచాడు. ల్యాప్‌టాప్ తెరమీద ప్రతి పిలుపూ ఒక గుట్టలా లేచి దిగింది. గుట్టకూ గుట్టకూ మధ్య సన్నటి గీత, ఆ గది నిశ్శబ్దం.

బావ దగ్గాడు. “ఇంకో గొంతు ఉంటే బావుంటుందేమో కదరా.”

“ఉన్నవి చాలు బావా” అన్నాడు తమ్ముడు. అడగకూడదని రాత్రే నిశ్చయించుకున్నాడు. “ఇవే సరిపోతాయి.”

మంచం మీద కూర్చున్న అక్క పలకను పక్కన బోర్లా పెట్టింది. లేచి వచ్చి మైకు ముందు స్టూలు మీద కూర్చుంది. కానివ్వమన్నట్టు వేలితో మీటను చూపించింది.

తమ్ముడు మీట నొక్కాడు. నొక్కి, అక్క మొహం చూడకుండా తెరమీద చూపు నిలిపాడు. ఎవరూ చూడని చోటే ఆమెకు తేలిక అని అతనికి తెలుసు; తనకూ అంతే. గీత పడుకుని సాగుతోంది. పడుకున్న గీతంటే ఏమీ లేదని కాదు. వింటున్నదని.

ముందు ఒక మూలుగు. నోరు మూసుకుని, ముక్కు దగ్గరే తిరిగే సన్నటి మూలుగు. గీత నీళ్ళమీద గాలి తగిలినట్టు వణికింది. ఆగింది. తరవాత ‘ఆ’. అది మధ్యలో చీలింది. గుమ్మం దగ్గర బావ పిడికిట్లో కర్టెను నలిగింది. పిన్ని టేపు రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడింది. మళ్ళీ ‘ఆ’. ఈసారి చీలిక చివర్లో వచ్చింది, కాస్త ఆలస్యంగా. కాగితంలో ఉన్నవన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా జరుగుతున్నాయి. చిన్న మాట దగ్గర “ఊఁ” అంది, తనకు తానే సరే చెప్పుకున్నట్టు.

ఆ తరవాత చాలాసేపు గీత పడుకునే ఉంది.

తమ్ముడు చూస్తున్న తెర పక్కనుంచి ఒక వేలు వచ్చింది. మైకును మెల్లగా పక్కకు నెట్టింది. అతను తలెత్తాడు. అక్క మైకును చూడటం లేదు, దీపాన్ని చూడటం లేదు. అతన్నే చూస్తోంది. కళ్ళు నిండుగా ఉన్నాయి. వచ్చిన గొంతు పాతది కాదు. కాస్త కిందికి దిగింది, అంచుల్లో గరుకు తేలింది, ఒక అక్షరం దగ్గర ఊపిరికి ఆగింది. అయినా అది ఎవరిదో కాదు, ఎక్కడిదో కాదు.

“తువ్వాయీ!”